ఇంటి ముందే ఆఫీసు... ఎండ చెప్పిందే టైము!

డిసెంబరు నెల. ఉదయం ఏడు దాటినా అరకు కొండల మీద మంచు కదలదు. పక్కింటి కప్పు కూడా సరిగా కనిపించదు. ఇంటి ముందు అలికిన కళ్లం. దాని మీద బరకం. బరకం మడతల కింద, రాత్రి మంచు తగలకుండా దాచిన కాఫీ గింజలు. ఇంట్లో చోడి అంబలి తాగడం అయిపోయింది. పిల్లలు బడికి బయల్దేరారు. అయినా బరకం తీయరు. తొందరపడితే గింజ మళ్లీ చెమ్మెక్కుతుంది. కొండ దాటి ఎండ కళ్లంలోకి దిగాకే ‘ఆఫీసు’ తెరుస్తారు!

‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అనే మాట మనలో చాలామందికి 2020 మార్చిలో, లాక్‌డౌన్‌తోపాటే పరిచయమైంది. మొదటి వారం పండగలా ఉంది. ట్రాఫిక్ లేదు, టిఫిన్ బాక్సు లేదు. నెల తిరిగేసరికి డైనింగ్ టేబులే డెస్కు అయింది. రాత్రి పదకొండుకీ మీటింగే. పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో చెప్పేవాళ్లు లేరు. అరకు, పాడేరు, చింతపల్లి మన్యంలో మాత్రం ఇంటి దగ్గర పని కొత్త సంగతేం కాదు. అక్కడ కాఫీ రైతు ఇల్లే ఫ్యాక్టరీ.

గింజ ఆగదు!
నవంబరు నుంచి కొండవాలు తోటల్లో, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండ్లు ఎర్రబడతాయి. ఒక కొమ్మ మీదే పచ్చివీ పండినవీ కలిసి ఉంటాయి కాబట్టి ఎర్రవాటినే ఏరి కోయాలి. అసలు హడావుడి కోత తర్వాతే. కోసిన పండును ఆ రోజే పల్పర్‌లో వేసి తొక్క తీయాలి. తెల్లారేదాకా ఉంచితే పులిసి, రుచి చెడుతుంది. అందుకే సాయంత్రం తోట నుంచి దిగిన మనిషి బుట్ట దించీ దించగానే పల్పర్ తిప్పే పనిలో పడతాడు. ఒక్కోసారి దీపం వెలుగులోనే పని. తొక్క తీసిన గింజను ఒకటిన్నర రోజుల దాకా పులియనిచ్చి, జిగురు పోయేదాకా కడిగి, వారం పది రోజులు ఎండబెట్టాలి. గంటకోసారి కలియబెట్టాలి. తేమ పదిశాతానికి దిగిందా, పార్చిమెంటు కాఫీ తయారైనట్లే. పండును పండుగానే ఎండబెడితే శ్రమ తక్కువ, ధరా తక్కువే.

చూడండి, ఇక్కడ ‘ఓవర్‌టైం’ ఉంది. కానీ అది పల్పర్ దగ్గరే. కళ్లంలో పనికి మాత్రం ఎండే హద్దు. సాయంత్రం నీడ పడగానే గింజను కుప్ప చేసి, బరకం కప్పేస్తారు. కప్పాక రాత్రి ఎవరూ తీసి చూడరు, తీయకూడదు కూడా. లాప్‌టాప్‌కు అలాంటి బరకం లేదు. మన బాధంతా అదే!

ఇంటి నుంచి పనిచేస్తే పని తగ్గుతుందా, పెరుగుతుందా? దీన్ని నిక్కచ్చిగా పరీక్షించింది చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ. 2010-11లో అక్కడి కాల్‌సెంటర్ ఉద్యోగుల్లో ఇష్టపడి ముందుకొచ్చిన కొందరిని తొమ్మిది నెలలు ఇంటి నుంచి పనిచేయించారు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు లెక్కలు తీస్తే పని 13 శాతం పెరిగింది. అందులో ఎక్కువ భాగం... విరామాలూ సెలవులూ తగ్గించుకుని ఎక్కువ నిమిషాలు కూర్చోవడం వల్లే. పనికోసం వేరే గది ఉన్నవాళ్లనే తీసుకున్నారు. ఇంతా చేసి, అయిపోయాక దాదాపు సగం మంది మళ్లీ ఆఫీసుకే వెళ్తామన్నారు. ఒంటరితనం భరించలేక!

ఒంటరితనం బెడద మన్యంలో తక్కువ. పల్పర్ తిప్పడానికి ఇంటిల్లిపాదీ ఉంటారు. పక్క కళ్లంలో మరో కుటుంబం. వారానికోసారి సంత. ఆ రోజు అల్లం, పిప్పళ్లు, పసుపు తట్టల్లో పెట్టుకుని కొండ దిగుతారు. అమ్ముకోవడం ఒక పనైతే, చుట్టాలతో కబుర్లు రెండో పని. ఏది ముఖ్యమంటే చెప్పడం కష్టమే!

అంతా బాగుందా?
అలా అని మురిసిపోవడానికి లేదు. ఇంటి దగ్గర పని అంటే ఇంటి పని మాయమైపోదు. నీళ్లు మోయడం, కట్టెలు తేవడం, వంట, చంటిపిల్లలు... ఇవన్నీ కళ్లం పక్కనే ఉంటాయి, ఎక్కువగా ఆడవాళ్ల నెత్తినే పడతాయి. గింజ కలియబెట్టడానికీ, పొయ్యి మీద గంజి చూడడానికీ మధ్య పది అడుగులే దూరం. ఆ పది అడుగులే రోజంతా తిరగాలి. హైదరాబాద్ ఫ్లాట్‌లో వీడియో మీటింగ్‌కూ కుక్కర్ విజిల్‌కూ మధ్య నలిగే ఆవిడకు ఈ లెక్క బాగా తెలుసు.

ఇప్పుడు కొందరు రైతులు పండ్లు కోసి, సాయంత్రమే నేరుగా కేంద్రాలకు అమ్మేస్తున్నారు. నాంది ఫౌండేషన్ చేయూతనిచ్చిన సహకార సంఘం ఈ దారిలోనే పండ్లు సేకరించి ఒకేచోట శుద్ధి చేస్తోంది. ఆ కాఫీయే 2017లో ప్యారిస్‌లో దుకాణం తెరిచింది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండ్లుగా అమ్మితే కళ్లం పని తప్పుతుంది, సాయంత్రాలు మిగులుతాయి. కానీ శుద్ధి చేస్తే దక్కే ఆ అదనపు రూపాయి చేయి దాటుతుంది. ఏది లాభం? ఇంట్లో ఎంతమంది ఉన్నారు, నీళ్లెంత దూరం... దాన్నిబట్టి ఒక్కో ఇంటిదీ ఒక్కో లెక్క.

ఇక కంప్యూటర్ పని సంగతి. 2020లో సిగ్నల్ కోసం కొండలెక్కిన మన్యం యువత అగచాట్లు అంతా చూశారు. 2023 జూన్‌లో రాష్ట్రంలోని మారుమూల ప్రాంతాల్లో 100 కొత్త 4జీ టవర్లు మొదలయ్యాయి, వాటిలో ఎక్కువ అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ముఖ్యంగా మహిళల కోసం పెద్దఎత్తున ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ ప్రణాళిక వేస్తున్నట్టు ప్రకటించారు. మంచిదే. అయితే లాప్‌టాప్ ఇస్తే సరిపోదు. తలుపు వేసుకోవడానికి ఒక గదీ, ఆ గంటల్లో నీళ్లు తెచ్చే మరో మనిషీ కూడా కావాలి.

జనవరి దాటాక కోతలు తగ్గుతాయి. ఎండిన కాఫీ మూటలు జీసీసీకో, వ్యాపారులకో వెళ్తాయి. కళ్లం ఊడ్చేస్తారు. చైత్రంలో ఇటుకల పండగ. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఆడవాళ్లు దారికడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే బళ్లను ఆపి ‘గేటు’ డబ్బులు వసూలు చేస్తారు. ఆ రోజుల్లో అరకు దారిలో వెళ్తుంటే చిల్లర దగ్గర పెట్టుకోండి!