కొండ కాఫీ, కడలి దాటు పార్సెలు

విశాఖపట్టణము నుండి రైలుబండి తూర్పు కనుమల నెక్కి అరకు చేరునప్పుడు ప్రయాణికులు సొరంగములను లెక్కించుచు ఆనందింతురు. కాని ఆ పట్టాలు విహారయాత్రలకై వేసినవి కావు. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి, జపానునకు పంపుటకై 1960ల దశకమున నిర్మించిన మార్గ మది. కొండసొమ్ము కడలి దాటుటకు త్రోవ ఆనాడే యేర్పడినది. ఆ త్రోవ ప్రక్కన సేద్యము చేసికొను గిరిజనుడు తన సరకును తన పేరుతో పంపుకొను త్రోవ మాత్రము చిరకాలము ఏర్పడలేదు.

నేడు ఆ సరకు కాఫీ. సిల్వర్ ఓకు చెట్ల నీడను, మిరియపు తీగెల నడుమ పండు ఈ గింజ పేరిట 2017లో పారిస్ నగరమున అంగడి వెలసినది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు సముద్రము దాటినది. ఆ పేరు తెచ్చు లాభములో కొండకు చేరు పాలెంత?

ఆన్‌లైన్ విపణిలో కాఫీ నమ్మి విదేశమునకు పంపుట నేడు అసాధ్యము కాదు. విదేశ వాణిజ్యశాఖ యిచ్చు ఎగుమతి కోడు సంఖ్య పొందవలెను. 2022 డిసెంబరులో తపాలాశాఖ ప్రారంభించిన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రముల ద్వారా సుంకపు పత్రములు పూర్తిచేసి పార్సెలు పంపవచ్చును.

అయినను చిక్కులు లేకపోలేదు. కొరియరు కంపెనీలు సాధారణముగా తూకమును మాత్రమే చూడవు. పెట్టె కొలతలను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, రెంటిలో ఏది యెక్కువయో దానికే కూలి కట్టుదురు. నలుబది, ముప్పది, ముప్పది సెంటీమీటర్ల పెట్టెలో మూడు కిలోల కాఫీయే యున్నను, 7.2 కిలోల కూలి యీయవలసి యుండును. సుంకము సంగతి మఱియొకటి. 800 డాలర్లలోపు పార్సెళ్ళకున్న మినహాయింపును అమెరికా ప్రభుత్వము 2025 ఆగస్టు 29 నుండి తొలగింపగా, మన తపాలాశాఖయే ఆ దేశమునకు పార్సెళ్ళను కొంతకాలము నిలుపవలసి వచ్చినది. అక్టోబరులో గాని సేవలు పునరుద్ధరింపబడలేదు. పెద్ద వర్తకుడు ఇట్టి దెబ్బకు ఓర్చుకొనగలడు. రెండెకరముల కాఫీతోట గల రైతు ఓర్చుకొనగలడా?

ఓర్చుకొనలేడు. కావుననే ఆ రైతు మధ్యవర్తికి గింజలమ్మి చేతులు దులుపుకొనుచున్నాడు. వేయించి, పొడిచేసి, పొట్లము కట్టి, పేరు పెట్టినవానికే లాభములో పెద్దపాలు దక్కుచున్నది. 1970 నాటి భూబదలాయింపు నిబంధన గిరిజనుని భూమి పరులపాలగుటను నిషేధించినది. కాని ఆ భూమిపై పండిన పంట విలువను ఏ చట్టము కాపాడును?

సహకారమే కాపాడవలెను. 1956లో నెలకొన్న గిరిజన సహకార సంస్థ మనకు కలదు, రైతుసంఘములును కలవు. పదిమంది రైతులు పది కోడు సంఖ్యలకై తిరుగనక్కఱలేదు. సంఘమునకు ఒక్క సంఖ్య చాలును. పెట్టె కొలత, సుంకపు పత్రము, ఆయా దేశముల ఆహార నిబంధనలు నేర్చిన గిరిజన యువకులు నలుగురు సంఘమునకొక్కరు చొప్పున నున్నను పని సాగును. విదేశమున పొట్లము వెల యెంత, కూలి యెంత, సుంకమెంత, రైతునకు దక్కిన దెంత అను లెక్క సంతనాడు అందఱి యెదుట తెలుగులోను, వారి భాషలోను చదివి వినిపింపవలెను.

మైదానపు పాఠకులారా! మీ బిడ్డలు అనేకులు విదేశములం దున్నారు. వారు అరకు కాఫీ కొనునప్పుడు అమ్మువా డెవడని యొక్కమాట విచారింపుమని వ్రాయుడు. ఇనుపరాయి వెడలినప్పుడు కొండవాని నెవరును అడుగలేదు. కాఫీ వెడలునప్పుడైనను అడుగుదము.