గుల్‌మర్గ్ టికెట్లు సరే.. మోకాళ్లు సిద్ధమేనా?

ఉమ్రాకు వెళ్లాలని అనుకున్న ఇంట్లో పెద్దవాళ్లు నెల ముందు నుంచే నడక మొదలుపెడతారు. "తవాఫ్ చేయాలి, సయీ చేయాలి, కాళ్లకు అలవాటు కావాలి" అని చుట్టాలు కూడా గుర్తు చేస్తుంటారు. అదే ఇంట్లోవాళ్లు కశ్మీర్ టూర్ బుక్ చేస్తే మాత్రం జాకెట్లు, గ్లవ్స్, ఫొటోల గురించే మాటలు. "గుల్‌మర్గ్‌లో స్కీయింగ్ చేద్దాం అబ్బా" అని పిల్లలు అడుగుతారు, సరే అనేస్తారు. కాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి మంచు చూడటానికి వెళ్లాలనుకునే కుటుంబాలు తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఈ ప్రయాణానికి రెండు తయారీలు కావాలి. కాళ్ల తయారీ ఇక్కడే, ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎత్తుకు అలవాటు పడటం మాత్రం ఇక్కడ కుదరదు, అక్కడికి వెళ్లాకే అవుతుంది. ఈ రెండూ ఒకటే అనుకుంటేనే చిక్కు వస్తుంది.

స్కీయింగ్‌లో ఒంటికి పని ఎక్కడ?

రెండు పొడవాటి పలకలను బూట్లకు బిగించుకుని మంచు వాలు మీద జారడమే స్కీయింగ్. చూసేవాళ్లకు పిల్లల జారుడుబల్లలా తేలికగా కనిపిస్తుంది. చేసేవాళ్లకు మాత్రం కనిపించని కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. మోకాళ్లు వంచి, నడుము కాస్త ముందుకు పెట్టి, అదే భంగిమలో బరువంతా తొడల మీద మోయాలి. వాలు దిగుతున్నంతసేపూ తొడ కండరాలు బ్రేకులా పనిచేస్తూనే ఉంటాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంకో సంగతి ఉంది. చిన్న వాలు మీద జారిన ప్రతిసారీ మళ్లీ పైకి ఎక్కాలి. పడితే లేవాలి. బరువైన బూట్లు, కాళ్లకు పలకలు, ఒంటి మీద మందపాటి బట్టలు. మొదటి రోజు జారేదానికన్నా ఎక్కేదీ, లేచేదే ఎక్కువ.

అలసిపోయిన తొడలు బ్రేకు వేయలేవు. అప్పుడు ఆ భారం మోకాలి మీద పడుతుంది. పలక ఒకవైపు తిరిగి ఒళ్లు ఇంకోవైపు తిరిగితే మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం ఉంది. స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలే. ఆ లిగమెంట్‌కు ఆపరేషన్ అయితే మళ్లీ ఆటల్లోకి రావడానికి తొమ్మిది నెలలు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టవచ్చు. షాపు నడిపేవాళ్లకు, రోజూ బండి మీద డ్యూటీకి పోయేవాళ్లకు అది ఎంత నష్టమో లెక్క వేసి చెప్పక్కర్లేదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్లు సాహస క్రీడలకు కవర్ ఉందో లేదో కాగితం చదివి చూసుకోవాలి. చాలా పాలసీల్లో అది మామూలుగా కలిసి ఉండదు.

భువనగిరి గుట్ట చెప్పే పాఠం

తయారీ ఎలా ఉండాలో తెలుసుకోవడానికి దూరం పోనవసరం లేదు. జనగామలో హైదరాబాద్ రైలు ఎక్కితే దారిలోనే భువనగిరి కోట గుట్ట కనిపిస్తుంది. మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మొదట ఆ బండరాయి మీదే ఎక్కడం నేర్చుకున్నారు. ఇద్దరూ తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన పిల్లలు. 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు.

వాళ్ల తయారీలో వరుస చూడాలి. ముందు భువనగిరి బండ, తర్వాత డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ, ఆ తర్వాత లడాఖ్ చలి. ఎండలో పుట్టి పెరిగిన పిల్లలను ఒక్కసారిగా మంచులోకి దింపలేదు. సెలవులకు వెళ్లే కుటుంబానికి అంత శిక్షణ అక్కర్లేదు కానీ, ఆ వరుస మాత్రం పనికొస్తుంది. ముందు ఇక్కడ కాళ్లు, తర్వాత అక్కడ చలి, చివరికి ఎత్తు.

ఇంట్లోనే ఎనిమిది వారాలు

గుల్‌మర్గ్‌లో మంచు సీజన్ సుమారుగా డిసెంబర్ చివరి నుంచి మార్చి దాకా. 2026, 2027 రెండేళ్లూ రంజాన్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది కాబట్టి చాలా ఇళ్లకు సంక్రాంతి సెలవులే వీలు. అంటే కసరత్తు నవంబర్ మధ్యలో మొదలుకావాలి. జిమ్ అక్కర్లేదు. ఫజర్ నమాజు తర్వాత అరగంట చాలు, వారానికి ఐదు రోజులు.

మొదటి రెండు వారాలు: అరగంట వేగంగా నడవాలి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. ఇంటికొచ్చాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, మెల్లగా కూర్చోవాలి. పదేసి సార్లు, మూడు విడతలు.

మూడు నుంచి ఐదు వారాలు: మెట్లు. ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం, ఎందుకంటే స్కీయింగ్ అంతా దిగడమే. ఒక్కో మెట్టు మెల్లగా, దబ్‌మని పాదం వేయకుండా దిగాలి. దానితోపాటు గోడ కుర్చీ. వీపు గోడకు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి ఆగాలి. మొదట ఇరవై సెకన్లు. తొడలు వణుకుతాయి, అది మామూలే. మోకాలిలో పోటు వస్తే మాత్రం ఆపేయాలి. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం బ్యాలెన్స్‌కు మంచి అభ్యాసం.

ఆరు నుంచి ఎనిమిది వారాలు: గోడ కుర్చీని నిమిషం దాకా పెంచాలి. వారానికి ఒకసారి నిజమైన గుట్ట ఎక్కి దిగాలి. జనగామ వాళ్లకు జఫర్‌గఢ్ కోట గుట్ట ఉంది. భూపాలపల్లి వాళ్లు రేగొండ దగ్గరి పాండవుల గుట్టల వైపు వెళ్లవచ్చు. మహబూబాబాద్‌లో దగ్గర గుట్ట దొరకనివాళ్లు మూడంతస్తుల మెట్లు పదిసార్లు ఎక్కి దిగినా సరే. ప్రయాణానికి మూడు రోజుల ముందు కసరత్తు ఆపి కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలి.

రోడ్డు మీద నడవడం ఇష్టపడని ఆడవాళ్లకు ఇంటి మెట్లు, మేడ చాలు. పైన చెప్పిన వాటిలో గుట్ట తప్ప అన్నీ ఇంట్లోనే అవుతాయి. భూపాలపల్లి సింగరేణి గనుల్లో ఇంక్లైన్ దారిలో దిగి ఎక్కేవాళ్లకు ఏటవాలు నడక కొత్త కాదు. అసలు కసరత్తు కావాల్సింది రోజంతా గల్లా దగ్గర, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు.

నమాజులో ఖాయిదా నుంచి లేచేటప్పుడు చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోతున్నా, మోకాళ్ల నొప్పితో కుర్చీ మీద నమాజు చదువుతున్నా, స్కీయింగ్ ఆలోచనకు ముందు ఎముకల డాక్టర్‌ను కలవడం మంచిది.

ఎత్తు దగ్గర కండబలం పనిచేయదు

జనగామ సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్ల లోపే ఉంటుంది. గుల్‌మర్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గొండోలా కేబుల్ కారు మొదటి దశలో కొంగ్‌డూరి దాకా, అంటే దాదాపు 3,100 మీటర్లకు తీసుకెళ్తుంది. రెండో దశ అఫర్వట్ పర్వతం మీద 3,900 మీటర్లు దాటిస్తుంది. అక్కడ ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతుల కన్నా తక్కువ.

రెండున్నర వేల మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం వస్తాయి. ఇది ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. రోజూ క్రికెట్ ఆడే కుర్రాడికి రావచ్చు, అరవై ఏళ్ల నానీకి రాకపోవచ్చు. ఫిట్‌గా ఉన్నవాళ్లు గబగబా పైకి వెళ్లి ఇబ్బంది పడటం కూడా జరుగుతుంది.

దీనికి మందు సమయమే. మొదటి రోజు శ్రీనగర్‌లో ఆగాలి, అది సుమారు 1,600 మీటర్ల ఎత్తు. గుల్‌మర్గ్ చేరిన రోజు మెల్లగా తిరగాలి, నీళ్లు బాగా తాగాలి. రెండో దశ గొండోలా ఆ రోజే వద్దు. తలనొప్పి ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు. లక్షణాలు పెరిగితే, తడబడుతూ నడుస్తున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. "టికెట్ కొన్నాం కదా" అని ఆగకూడదు. టికెట్ డబ్బు ఎటూ ఖర్చయిపోయింది, దాని కోసం ఆరోగ్యం కూడా పెట్టడం బేరం కాదు.

షుగర్, బీపీ ఉన్నవాళ్లకు

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు టికెట్లు కొనకముందే తమ డాక్టర్‌ను అడగాలి. చల్లటి పొడి గాలికి ఆస్తమా పెరగవచ్చు, ఇన్‌హేలర్ జేబులో ఉండాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. దాన్ని బయటి బ్యాగులో కాకుండా ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో పెట్టుకోవాలి. చలికి గ్లూకోమీటర్ కూడా తప్పు చూపించవచ్చు. ఎక్కువ శ్రమతో షుగర్ పడిపోవచ్చు కాబట్టి ఖర్జూరాలో, గ్లూకోజ్ బిళ్లలో దగ్గర ఉంచుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు బూటు ఒరుసుకున్నా, చలికి వేళ్లు దెబ్బతిన్నా తెలియదు. వాళ్లు రాత్రి సాక్స్ విప్పి పాదాలు చూసుకోవాలి.

ఎనిమిదో వారం చివర

వెళ్లేముందు ఇంట్లో అందరూ ఒకసారి పరీక్షించుకోవచ్చు. గోడ కుర్చీలో నిమిషం, ఒంటికాలి మీద అరనిమిషం, మూడంతస్తులు ఎక్కి దిగాక రెండు నిమిషాల్లో ఊపిరి మామూలు కావడం. ఈ మూడూ అయితే బిగినర్స్ వాలు మీద ట్రైనర్‌తో కలిసి నేర్చుకోవచ్చు. మొదటి రోజు రెండు గంటలు చాలు, కాళ్లు వణకడం మొదలైతే "ఇంకొక్కసారి" అనకుండా ఆపేయాలి.

పరీక్షలో ఆగిపోయినవాళ్లు టూర్ మానుకోనక్కర్లేదు. పిల్లలు జారుతుంటే అమ్మీ, అబ్బా కింద కహ్వా తాగుతూ చూడొచ్చు. ఎవరు జారాలి, ఎవరు కింద కూర్చోవాలన్నది మంచులో నిలబడి వాదించుకోకుండా ఇంట్లో ఉన్నప్పుడే తేల్చుకుంటే సెలవులు హాయిగా గడుస్తాయి.