మాటకు హక్కు – మాటకు హద్దు

మన రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రతి పౌరునికీ వాక్ స్వాతంత్ర్యాన్ని ఇచ్చింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చిన నాటి నుంచీ ఇది మన హక్కు. అదే అధికరణంలో ఈ హక్కుకు కొన్ని హద్దులు కూడా ఉన్నాయి. దేశ భద్రత, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం వంటి విషయాల్లో చట్టం ద్వారా సమంజసమైన ఆంక్షలు విధించవచ్చు. ఇది చట్టం బయటి నుంచి కట్టిన కంచె. కంచె లోపలి నేల చాలా విశాలమైనది. చట్టం తప్పు పట్టని మాటల్లో కూడా మనసు విరిచేవి, కాపురాల్లో చిచ్చు పెట్టేవి, సంఘాలను చీల్చేవి ఎన్నో ఉంటాయి. ఆ లోపలి నేల మీద ఎలా నడుచుకోవాలన్నది ఎవరికి వారు నేర్చుకోవలసిన విద్య.

ఈ విద్యను గురించి అన్ని మతాల పెద్దలూ చెప్పారు. క్రైస్తవ బోధనలో మాత్రం దీనికి చక్కని ఆచరణ పద్ధతి ఒకటి కనిపిస్తుంది. ‘మంచిగా మాట్లాడండి’ అని చెప్పి ఊరుకోకుండా, ఒకరి మీద మనకు అభ్యంతరం ఉంటే దాన్ని ముందు ఎవరికి చెప్పాలి, ఆ తర్వాత ఎవరికి చెప్పాలి అన్న వరుసను అది నిర్ణయించింది. ఆ వరుస ఏ మతం వారికైనా, ఏ సంఘానికైనా పనికివచ్చేదని నా అభిప్రాయం.

నాలుక చిన్నది, పని పెద్దది

బైబిలు కొత్త నిబంధనలో యాకోబు పత్రిక అనే చిన్న పుస్తకం ఉంది. దాని మూడో అధ్యాయంలో సగానికి పైగా నాలుక గురించే. గుర్రాన్ని తిప్పే కళ్ళెం, ఓడను నడిపే చుక్కాని, అడవిని తగలబెట్టే నిప్పురవ్వ – ఈ మూడింటితో నాలుకను పోల్చారు. మొదటి రెండు పోలికల్లో చిన్న వస్తువు పెద్దదాన్ని దారిలో పెడుతుంది. మూడోదానిలో చిన్నది పెద్దదాన్ని బూడిద చేస్తుంది. ఒకే నాలుకకు రెండు శక్తులూ ఉన్నాయన్నమాట. అందుకే అదే పత్రిక వినడానికి తొందరపడమనీ, మాట్లాడడానికీ కోపగించుకోవడానికీ నిదానించమనీ బోధిస్తుంది.

పాత నిబంధనలోని సామెతల గ్రంథం ఇంకొక సంగతి చెబుతుంది. వ్యాజ్యంలో ముందుగా మాట్లాడినవాడి మాటే న్యాయంగా తోస్తుందట, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించేదాకా. ఇది కోర్టులకే కాదు, మన వీధి అరుగులకూ, పెళ్ళి పందిళ్ళకూ వర్తించే మాట.

ఇక స్వేచ్ఛ సంగతి. పౌలు అనే అపొస్తలుడు గలతీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో విశ్వాసులు స్వతంత్రులని గట్టిగా ప్రకటిస్తాడు. వెంటనే ఆ స్వాతంత్ర్యాన్ని ఒకరికొకరు ప్రేమతో సేవ చేసుకోవడానికి వాడుకోమంటాడు. ఒకరినొకరు కరుచుకుంటూ పోతే చివరికి ఎవరూ మిగలరని హెచ్చరిస్తాడు. ఆ అధ్యాయం చివర, దేవుని ఆత్మ మనిషిలో పండించే తొమ్మిది ఫలాల పట్టిక ఉంది. దయాళుత్వం, ఆశానిగ్రహం రెండూ అందులోనే ఉన్నాయి. స్వేచ్ఛ, దయ, నిగ్రహం ఒకే అధ్యాయంలో చోటు చేసుకున్నాయి. పౌలు దృష్టిలో నిగ్రహం స్వేచ్ఛకు శత్రువు కాదు. నిగ్రహం లేనివాడు తన కోపానికే బానిస.

మూడు మెట్లు

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన వరుస ఇది. నీ సోదరుడు నీ పట్ల తప్పు చేస్తే ముందు నీవు ఒక్కడివే వెళ్ళి, అతడు ఒక్కడే ఉన్నప్పుడు చెప్పాలి. అతడు వింటే సోదరుణ్ణి సంపాదించుకున్నట్టే. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకుని వెళ్ళాలి, జరిగినదానికి వాళ్ళు సాక్షులుగా ఉంటారు. అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజేయాలి.

మనలో చాలామంది ఈ మెట్లను పైనుంచి కిందికి దిగుతాం. ముందు ఊరికి తెలుస్తుంది. తర్వాత ఇద్దరు ముగ్గురు చేరి చర్చిస్తారు. అసలు మనిషికి అన్నిటికంటే ఆఖరున, అదీ వక్రంగా చేరుతుంది. ఇప్పుడు ఫోన్లలో వాట్సాప్ గ్రూపులు వచ్చాక ఆ మొదటి మెట్టు క్షణంలో దాటిపోతున్నాం.

ఒక పాత ఒప్పందం

మెదక్ చర్చిని చూసిన పాఠకులు చాలామంది ఉంటారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ మహామందిరాన్ని కట్టించినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ‘చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా’ ఏర్పడినప్పుడు ఆంగ్లికన్ తదితర సంఘాలతో పాటు వీరూ అందులో కలిశారు. ఈ మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడు 18వ శతాబ్దపు ఇంగ్లండులోని జాన్ వెస్లీ. మాట విషయంలో ఆయన జీవితం మంచి పాఠం.

వెస్లీకి జార్జ్ విట్‌ఫీల్డ్ అనే మిత్రుడు ఉండేవాడు. వయసులో పదకొండేళ్ళు చిన్నవాడు, గొప్ప వక్త. 1739లో వెస్లీని బ్రిస్టల్‌కు పిలిచి ఆరుబయట ప్రసంగించడం అలవాటు చేసినవాడు అతడే. అయితే ఇద్దరికీ సిద్ధాంతంలో తేడా వచ్చింది. మోక్షం దేవుడు ముందుగా ఎన్నుకున్నవారికేనని విట్‌ఫీల్డ్, అందరికీ అందుబాటులో ఉన్నదని వెస్లీ. వెస్లీ తన వాదాన్ని ప్రసంగంగా అచ్చువేయించాడు. తగవు ముదిరింది.

1741 ఫిబ్రవరి 1న లండన్‌లో ఒక సంఘటన జరిగింది. విట్‌ఫీల్డ్ వెస్లీకి రాసిన ఒక సొంత ఉత్తరాన్ని ఎవరో ఇద్దరి అనుమతీ లేకుండా అచ్చువేసి, వెస్లీ ప్రార్థనా మందిరం గుమ్మం దగ్గరా, లోపలా పంచిపెట్టారు. వెస్లీ ఒక ప్రతిని చేతిలోకి తీసుకుని, అది ఎలా బయటికి వచ్చిందో సభకు చెప్పాడు. విట్‌ఫీల్డే ఇక్కడ ఉంటే ఏం చేసేవాడో నేనూ అదే చేస్తానని దాన్ని ముక్కలు ముక్కలుగా చించివేశాడు. అక్కడున్నవారంతా తమ ప్రతులనూ చించేశారు. రెండు నిమిషాల్లో ఒక్క ప్రతి కూడా మిగలలేదని వెస్లీ తన దినచర్యలో రాసుకున్నాడు.

దీంతో తగవు తీరిపోలేదు. అదే ఏడాది విట్‌ఫీల్డ్ తన జవాబును బాహాటంగానే ప్రచురించాడు. ఇద్దరూ కొంతకాలం వేరుదారులు పట్టారు. అభిప్రాయాల్లో ఆఖరిదాకా కలవలేదు, కాని స్నేహం మళ్ళీ కలిసింది. 1770 సెప్టెంబరు 30న విట్‌ఫీల్డ్ అమెరికాలో మరణించాడు. అతని కోరిక ప్రకారం నవంబరు 18న లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసినవాడు వెస్లీయే. వాదన వాదనగా ఉండగానే మనిషిని మనిషిగా గౌరవించవచ్చునని ఈ ఇద్దరూ చూపించారు.

1752 జనవరి 29న వెస్లీ సోదరులిద్దరూ, తోటి బోధకులు కొందరూ కలిసి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. దాని సారాంశం ఇది. మాలో ఒకరిని గురించి మరొకరు చెప్పే చెడును వినం, అడిగి తెలుసుకోం. చెవిన పడినా వెంటనే నమ్మం. వీలైనంత త్వరగా, మాటతోగాని ఉత్తరంతోగాని, ఆ మనిషికే తెలియజేస్తాం. అంతదాకా ఇంకెవరితోనూ ఒక్క ముక్క అనం. ఆ తర్వాత కూడా అనం. మరీ తప్పనిసరైతే తప్ప వీటికి మినహాయింపు లేదు.

మత్తయి సువార్తలోని మొదటి మెట్టును కాగితం మీద పెట్టి సంతకం చేయడమంటే ఇదే. మనుషులు కనుక వాళ్ళూ జారారు. 1770లో ఆగస్టస్ టాప్లడీ అనే మతాచార్యునితో తగవు వచ్చినప్పుడు, వెస్లీ అతని పుస్తకాన్ని కుదించి, చివర పరిహాసపు మాటలు చేర్చి, అతని పొడి అక్షరాలతోనే అచ్చువేశాడు. టాప్లడీ అంతకంటే ఘాటుగా జవాబిచ్చాడు. ‘రాక్ ఆఫ్ ఏజెస్’ అనే ప్రసిద్ధ కీర్తన రాసిన కలం అదే. అనుగ్రహాన్ని గురించి అంత మెత్తగా రాసినవాడి కలం వాదంలో కత్తి అయింది. నియమం రాసుకున్నంత మాత్రాన నాలుక లొంగదు, రోజూ కళ్ళెం పట్టుకోవలసిందే.

వోచరు లేని మాట

నేను కామర్స్ చదివి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. మా లెక్కల్లో వోచరు లేనిదే పద్దు ఎక్కదు. తప్పు పద్దు పడితే దిద్దుబాటు పద్దు ఉంటుంది. ఉద్యోగి మీద ఆరోపణ వస్తే శిక్షకు ముందు సంజాయిషీ అడుగుతారు. తనిఖీకి వచ్చిన ఆడిటరు తన అభ్యంతరాలను ముందు బ్రాంచి మేనేజరు ముందుంచి జవాబు తీసుకుంటాడు. ఇవన్నీ ఆ మొదటి మెట్టుకు ఆఫీసు రూపాలే.

కొన్నేళ్ళ క్రితం ఒక బ్రాంచిలో సాయంత్రం నగదు లెక్క చూస్తే పదివేల రూపాయలు తక్కువ వచ్చింది. కాగితాలన్నీ వెతకడం పూర్తికాకముందే, కేషియరు ఇంట్లో పెళ్ళి ఉందన్న మాట ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిచింది. అనడానికి అందులో అబద్ధం లేదు. పెళ్ళి ఉన్నమాట నిజమే. మర్నాడు ఉదయం చెక్కుల కట్ట మధ్యలో చెల్లింపు వోచరు ఒకటి దొరికింది. సొమ్ము ఖాతాదారుకు సక్రమంగానే చెల్లించారు, పద్దు వేయడం మరిచారు. లెక్క పైసాతో సరిపోయింది. కాని ఆ రాత్రికే మాట కాలనీలో పాల బూతు దాకా చేరింది. కేషియరు భార్య దాన్ని అక్కడ విన్నది. ఆరు నెలలు తిరగకుండా ఆయన బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. నగదు లెక్కకు దిద్దుబాటు పద్దు పడింది, ఆయన పరువుకు వేయడానికి మా దగ్గర ఏ పద్దూ లేదు. ఒక్కరు ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి ‘ఏమండీ, వోచర్లు అన్నీ చూశారా?’ అని అడిగి ఉంటే సరిపోయేది.

‘నిజమేగా అన్నాను’ అనేవారికి చట్టం కూడా పూర్తి రక్షణ ఇవ్వదు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను పరువు నష్టానికి సంబంధించినది. పాత శిక్షాస్మృతి 499వ సెక్షనులో ఉన్నట్టే ఇందులోనూ మొదటి మినహాయింపు రెండు షరతులు పెట్టింది. మాట నిజమై ఉండాలి, అది చెప్పడం ప్రజాహితానికి అవసరమై ఉండాలి. నిజం ఒక్కటే చాలదు.

దయ అంటే మౌనం కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘మెత్తగా మాట్లాడు’ అనే ఉపదేశం పెద్దవాళ్ళ తప్పులు కప్పిపుచ్చడానికి కూడా ఉపయోగపడుతూ ఉంటుంది. బైబిలు దాన్ని సమర్థించదు. దావీదు రాజు తన సైనికుని భార్యను అపహరించి, ఆ సైనికుణ్ణి యుద్ధంలో చంపించినప్పుడు, నాతాను అనే ప్రవక్త నేరుగా రాజు ఎదుటికే వెళ్ళాడు. పేదవాని గొర్రెపిల్లను గుంజుకున్న ధనవంతుని కథ చెప్పాడు. రాజు ఆ ధనవంతుని మీద మండిపడగానే ఆ మనిషివి నీవేనని ముఖం మీదే అన్నాడు. అందులో సౌమ్యత ఉంది, తెలివి ఉంది, భయం లేదు.

పౌలు కూడా తన హక్కును వదులుకోలేదు. ఫిలిప్పీ పట్టణంలో రోమా పౌరుడైన తనను విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి, మర్నాడు గుట్టుగా విడిచిపెట్టబోతే ఒప్పుకోలేదు. అధికారులే స్వయంగా వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. నలుగురిలో జరిగిన అన్యాయాన్ని నలుగురిలోనే సరిదిద్దాలన్నది దాని అర్థం.

నేరాల విషయంలో మొదటి మెట్టు దగ్గర ఆగడం దయ అనిపించుకోదు. పిల్లలపై లైంగిక నేరం సంగతి తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం నిర్బంధిస్తోంది. గృహహింస, నిధుల స్వాహా వంటివి కూడా నాలుగు గోడల మధ్య సర్దుకోవలసినవి కావు. అటువంటి చోట బాధితుల మాట వినబడేలా చేయడమే దయ. నిగ్రహం అవసరమయ్యేది అక్కడ కూడా ఉంది. తెలిసినంతే చెప్పాలి, తెలియనిది కలపకూడదు, చెప్పవలసిన చోటే చెప్పాలి.

మన ఇళ్ళకూ మన సంఘాలకూ

తెలుగువాళ్ళు కొద్ది కుటుంబాలే ఉన్న ఊళ్ళలో మాట జారితే నష్టం ఎక్కువ. సొంత ప్రాంతంలో ఒకరితో చెడితే పదిమంది ఇతరులు ఉంటారు. బయట ఊళ్ళో మన భాషలో మాట్లాడే గుమ్మాలు ఎన్ని ఉంటాయని? లెక్కల మీద ఒకరు అన్న మాట, అనని మాట కలిసి సంఘం రెండుగా చీలితే, ఆ ఏటి నుంచి ఒకే ఊళ్ళో రెండు ఉగాదులు. పిల్లలకు మాత్రం రెండు చోట్లా సగం సగం స్నేహితులు.

కాబట్టి కార్యవర్గాలు, కుటుంబాలు ఒక చిన్న అలవాటు చేసుకోవచ్చు. ఎవరైనా వచ్చి ఫలానావారు ఇలా చేశారట అని మొదలుపెడితే, ‘వారిని అడిగారా?’ అన్నది మన మొదటి ప్రశ్న కావాలి. అడగలేదంటే ‘పదండి, కావాలంటే నేనూ వస్తాను’ అనాలి. సర్వసభ్య సమావేశంలో లేవదీయదలచిన ప్రశ్నను రెండు రోజుల ముందే కోశాధికారికి రాసి పంపితే, పుస్తకాలు చూసుకుని జవాబుతో వచ్చే అవకాశం అతనికి దొరుకుతుంది. జవాబు నచ్చకపోతే సభలో గట్టిగానే అడగవచ్చు. ఆ హక్కు ఎక్కడికీ పోదు. ఫోనులో వచ్చిన ఆరోపణను ముందుకు పంపేముందు, ఆ పేరు గల మనిషి మన ఎదుట కూర్చుని ఉంటే ఇదే మాట చదివి వినిపించగలమా అని ఆలోచించుకుంటే చాలు.

కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు ఏనాడో అన్నారు. రేపు ఎవరి మీదనైనా మనకు అభ్యంతరం కలిగితే, ఆ మాటకు తొలి శ్రోత ఆ మనిషే అయ్యేలా చూసుకుందాం.