విదేశసేవలో వున్న బిడ్డలకు మన మగ్గం గుడ్డ



విదేశాలలో సేవ చేయుటకు తమంతట తాముగా వెళ్ళిన యువతీ యువకులకు యింటినుంచి పార్సెలు పంపే విషయమై కొన్ని మాటలు మనవి చేయదలచినాము. 1970లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛంద సేవకుల పథకం నెలకొల్పిన తరువాత డాక్టర్లు, నర్సులు, యింజనీర్లు యెందరో యిట్లా దూరదేశాలకు పోయి పనిచేస్తున్నారు. మన నేత కుటుంబాల పిల్లలూ చదువుకొని ఆ దారి పట్టే రోజులివి.

నేతవారి పత్రికలో యీ సంగతి యెందుకని కొందరు అడుగవచ్చును. మా గౌనిపల్లి ప్రాంతంలో మేము చూస్తున్నది యేమంటే, దూరదేశానికి కట్టే పెట్టెలో పొడులు, పిండివంటలు యింటివే వుంటాయి. తువ్వాలు మాత్రం పట్నపు అంగడిలో కొన్న మిల్లు సరుకు. మగ్గం గుంటలో కూర్చున్న తండ్రే డబ్బు పెట్టి దాన్ని కొంటున్నాడు. మన గుడ్డ పంపితే అక్కడివారు నవ్వుతారేమోనని నామోషీ! ఊరివారికి అమ్మే గుడ్డ కన్నబిడ్డకు పనికిరాకుండా పోయిందా?

షోలాపూరు మన నేతవారికి కొత్త వూరు కాదు. తెలుగు పద్మశాలీలు యెందరో అక్కడ స్థిరపడినారు. షోలాపూరు దుప్పటి పేరు యెరుగనివారు లేరు. డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ ఆ వూరి బిడ్డ. 1938లో జపాను దాడికి గురియైన చైనాకు వైద్యసహాయం చేయవలెనని, అప్పటి కాంగ్రెసు అధ్యక్షులు సుభాస్ చంద్రబోసుగారు ప్రజలను కోరగా, సుమారు 22,000 రూపాయలు చందా పోగైనది. అటల్, చోల్కర్, కోట్నీస్, బసు, ముఖర్జీ అనే ఐదుగురు డాక్టర్లు ఓడ యెక్కినారు. వారితో ఒక అంబులెన్సు కూడా పంపినారు. నలుగురు తిరిగి వచ్చినారు. కోట్నీస్ అక్కడే వుండి రోగులకు సేవచేస్తూ 1942 డిసెంబరు 9న, 32 యేండ్ల వయస్సులో కన్నుమూసినారు.

పయనమయ్యే నాడు దండలు వేయుటకు, చందా యిచ్చుటకు జనం వుంటారు. యింటిమీద బెంగ పుట్టేది తరువాత ఆరు నెలలకు. పార్సెలు అవసరం అప్పుడు.

ఆ పార్సెలులో యేమి వుండవలెనో రెండవ ప్రపంచయుద్ధ కాలపు ఉదాహరణ ఒకటి చెబుతున్నాము. ఆ యుద్ధంలో భారత సైన్యంలో చేరినవారు సుమారు 25 లక్షలు. నిర్బంధ భర్తీ లేదు గనుక అందరూ తామై చేరినవారే. వారిలో జర్మనీ, ఇటలీ సైన్యాలకు చిక్కి ఖైదీలైనవారు వున్నారు. లండనులోని ఇండియా హౌసులో 1939 చివర మొదలైన ఇండియన్ కంఫర్ట్సు ఫండువారు యుద్ధం ముగిసేలోగా 16 లక్షలకు పైగా ఆహారపు పెట్టెలు కట్టినారు. పెట్టెలలో బియ్యం, పప్పు, పిండి, కూరపొడి, చక్కెర, టీ ఆకు, ఉప్పు వుండేవి. తెల్ల సిపాయికి కట్టిన పెట్టెనే మనవారికీ పంపి చేతులు దులుపుకోలేదు. తినేవాని నాలుక యెరిగి కట్టినారు. అయినవారము మనకు అంతకన్న బాగా తెలియవలదా?

మన వైపు బిడ్డకు రాగిపిండి, చెనిక్కాయల పొడి, నిప్పట్లు, శ్రీనివాసపురం మామిడిపండ్ల తాండ్ర చాలు. నూనె పచ్చడి కారిందంటే గుడ్డలూ వుత్తరమూ అన్నీ పాడు. దానికన్న పొడులే మేలు. ఏ దేశంలో ఏది రానివ్వరో ముందుగా విచారించండి. ఆస్ట్రేలియా వంటి చోట్ల గింజలు, పాలతో చేసినవి, మాంసం విషయంలో మహా కఠినం. గుడ్డ మడతలలో వేపాకు పెట్టడం మన యింటి ఆచారమే గాని, యీ పార్సెలుకు అది వద్దు. ఆకు కనబడితే పెట్టెను అక్కడే ఆపగలరు. వరిగడ్డి సంగతీ అంతే. డబ్బాలు కదలకుండా తువ్వాలే చుట్టండి, చోటు కలిసివస్తుంది.

గుడ్డ విషయానికి వస్తే, పలుచని నూలు తువ్వాలు బరువు తక్కువ, బకెట్టు నీళ్ళలో వుతకవచ్చు, చప్పున ఆరుతుంది. బొచ్చు తువ్వాలు వానదేశంలో రెండు రోజులైనా ఆరదు, వాసన వేస్తుంది. అయితే మగ్గం నుంచి దించిన గుడ్డ గంజితో బిర్రుగా వుండి నీరు పీల్చదు. దాన్ని అట్లే పంపితే బిడ్డ మిల్లు తువ్వాలే నయమనుకుంటుంది. రెండుసార్లు వుతికి, బాగా ఎండబెట్టి మడవండి. రంగు గుడ్డనైతే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే దాన్ని పంపవద్దు. సంఘం పేరు చెడేది అక్కడే. చీర పంపదలచినవారు, అక్కడి పనిలో చీర కట్టే వీలున్నదా అని ముందు అడగండి. పడుగు కొసలలో మిగిలిన గుడ్డముక్కలతో పొడులకు చిన్న సంచులు కుట్టవచ్చును.

వెనుక పార్సెలు మీద తెల్లని ముతకగుడ్డ చుట్టి, కుట్టి, లక్కముద్రలు వేసేవారు. ఆ గుడ్డా మన మగ్గందే కావచ్చు. అట్టపెట్టె మీద యిప్పటికీ గుడ్డ కుట్టదలిస్తే, పోస్టాఫీసులో లోపలి సరుకు చూడగోరవచ్చు గనుక ఒకవైపు కుట్టకుండా వదలి, సూదీ దారం వెంట తీసుకొని పోండి.

కస్టమ్సు కాగితంలో ‘బట్టలు’ అని ఒక్కమాట గీకవద్దు. ‘చేతిమగ్గం నూలు తువ్వాళ్ళు, మూడు’ అని లెక్కతో రాయండి. కానుక అని తెలపండి. అమ్మకం కాదుగదా అని వెల తగ్గించి వేయవద్దు. ఉన్న వెల వేసి, సంఘం రసీదు నకలు జతపరచండి. మన చేతిపనికి మనమే తక్కువ వెల కట్టుకోవడం మాకు బొత్తిగా నచ్చదు.

చిరునామా పైన ఒకసారి, లోపల వేరే కాగితం మీద ఒకసారి, అక్కడి పోస్టు నంబరు, ఫోను నంబరుతో సహా ఇంగ్లీషులో రాయండి. వానకు పైకాగితం చెరిగినా లోపలిది పనికివస్తుంది. ఇంగ్లీషు రానివారు సంఘం ఆఫీసుకు తెస్తే మేము రాసి యిస్తాము.