చిన్న కళాశాలలో విద్యార్థి సంఘం: ఎన్నిక, నిధులు, ఫిర్యాదులు

విద్యార్థి సంఘం అనగానే చాలామందికి ఎన్నికలే గుర్తుకొస్తాయి. గోడల మీద రాతలు, నినాదాలు, మెడలో దండలతో ఊరేగింపు. కాని ఎన్నిక కొద్ది రోజుల పని. మిగిలిన సంవత్సరమంతా ఆ సంఘం ఏం చేస్తుంది, దాని చేతిలో నిజంగా ఏముంది అన్నదే మనం పరిశీలించవలసిన అంశం. ఇందుకోసం ఐదు వందల మంది విద్యార్థులున్న ఒక మామూలు డిగ్రీ కళాశాలను ఊహించుకుందాం. పెద్ద విశ్వవిద్యాలయంలో కంటే ఇలాంటి చోట ఎవరి అధికారం ఎంతవరకో తేలికగా తెలుస్తుంది.

ప్రతినిధుల ఎంపిక

విద్యార్థి ఎన్నికల తీరును పరిశీలించడానికి సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కేంద్ర ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది. భారత మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో దాని అధ్యక్షులు. కమిటీ 2006 మే నెలలో నివేదిక ఇచ్చింది. ఆ సిఫారసులను అమలు చేయాలని సుప్రీంకోర్టు అదే సంవత్సరం సెప్టెంబరు 22న ఆదేశించింది. నేటికీ కళాశాలల్లో ఎన్నికలు ఎక్కడ జరిగినా ఆధారం అదే.

సంఘం ఏర్పడే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది ప్రత్యక్ష ఎన్నిక: అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని విద్యార్థులందరూ కలిసి ఎన్నుకుంటారు. రెండవది పరోక్ష ఎన్నిక: ప్రతి తరగతీ ఒక ప్రతినిధిని ఎన్నుకుంటుంది, ఆ ప్రతినిధులు తమలోంచి కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు. చిన్న ప్రాంగణం గల విశ్వవిద్యాలయాలకు ప్రత్యక్ష పద్ధతి తగినదని చెబుతూ కమిటీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయాన్నీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్నీ ఉదాహరణగా చూపింది.

మన ఊహా కళాశాలలో పదిహేను తరగతులు ఉన్నాయనుకోండి. పరోక్ష పద్ధతిలో అధ్యక్షుడు కావడానికి ఎనిమిది ఓట్లు చాలు. ఎనిమిది మందిని ఒక హాస్టలు గదిలో కూర్చోబెట్టవచ్చు, ఒక పూట హోటలుకు తీసుకుపోవచ్చు, భయపెట్టనూ వచ్చు. ఐదు వందల మందితో ఆ పని సాధ్యం కాదు. అందుకే చిన్న కళాశాలకు ప్రత్యక్ష ఎన్నికే మేలని నా అభిప్రాయం. అయితే తరగతి ప్రతినిధి పదవిని మాత్రం రద్దు చేయకూడదు. అధ్యక్షుడి దగ్గరకు వెళ్లడానికి జంకే అమ్మాయి తన పక్క బెంచీలో కూర్చునే ప్రతినిధితో మాట్లాడుతుంది.

అభ్యర్థికి ఉండవలసిన అర్హతలను కమిటీ వివరంగా చెప్పింది. డిగ్రీ విద్యార్థికి వయసు 17 నుంచి 22 ఏళ్ల మధ్య ఉండాలి. హాజరు 75 శాతం తగ్గకూడదు. పోటీ చేసే సంవత్సరంలో తప్పిన సబ్జెక్టులు ఉండకూడదు. ముఖ్య పదవులకు ఒక్కసారి మాత్రమే పోటీ చేయవచ్చు. ఎన్నికల ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో లెక్క చూపాలి. నామినేషన్ల నుంచి ఫలితాల దాకా మొత్తం పది రోజుల్లో ముగియాలి. అచ్చు పోస్టర్లు నిషిద్ధం, చేతితో రాసినవే వాడాలి. చూడడానికి చిన్న నియమమే గాని, డబ్బున్న అభ్యర్థికీ లేని అభ్యర్థికీ మధ్య దూరాన్ని ఇది బాగా తగ్గిస్తుంది.

నిధులపై అజమాయిషీ

సంఘానికి సొంత ఆదాయం ఉండదు. ప్రవేశ సమయంలో బోధన రుసుముతో పాటు ఆటలు, పత్రిక, సాంస్కృతిక కార్యక్రమాలు వంటి పేర్లతో ప్రత్యేక రుసుములు వసూలు చేస్తారు. ఆ సొమ్ము ప్రిన్సిపాల్ అధీనంలోని ఖాతాలో ఉంటుంది. ఖర్చు చేయవలసి వచ్చినప్పుడు కార్యవర్గం తీర్మానం చేస్తుంది, కార్యదర్శి దాన్ని తీర్మానాల పుస్తకంలో రాస్తాడు, సలహాదారుగా ఉన్న అధ్యాపకుడు సంతకం చేస్తాడు, ప్రిన్సిపాల్ మంజూరు చేస్తారు. అంటే సంఘం తనంతట తాను ఒక్క రూపాయి కూడా తీయలేదు. ప్రతిపాదించగలదు, ప్రశ్నించగలదు. ఇందులో రెండవదే విలువైనదని నేను అనుభవం మీద తెలుసుకున్నాను.

1980ల మధ్యలో నేను ఒక చిన్న పట్టణంలోని కళాశాలలో కొత్త అధ్యాపకుణ్ణి. వయసులో చిన్నవాణ్ణని సంఘం సలహాదారు బాధ్యత నాకు అప్పగించారు. ఆ సంవత్సరం కార్యదర్శిగా గెలిచిన విద్యార్థి మొదటి సమావేశంలోనే లేచి, "పత్రిక రుసుము రెండేళ్ల నుంచి కడుతున్నాం సార్, పత్రిక ఏది?" అని అడిగాడు. ఖాతా పుస్తకం తెప్పించి చూశాం. సొమ్ము భవనానికి సున్నం వేయడానికీ, వార్షికోత్సవం షామియానాకూ వెళ్లింది. రెండవ ఏడాది వోచర్ల మీద ఉన్నది నా సంతకమే. చదవకుండా పెట్టిన సంతకాలు. ఎవరూ జేబులో వేసుకోలేదన్న మాట నిజమే గాని, పిల్లల దగ్గర ఒక పేరుతో తీసుకున్న డబ్బును ఇంకో పనికి వాడాం. అతని ప్రశ్నను ఉన్నదున్నట్టు తీర్మానాల పుస్తకంలో రాయించాను. పరీక్షల ముందు పత్రిక వచ్చింది, పలచగానే.

ఎన్నికలు లేనిచోట

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో కళాశాల ఎన్నికలు నిలిచిపోయాయి. విద్యార్థి వర్గాల మధ్య ఘర్షణలు, హింస అందుకు చూపిన కారణాలు. అవి కల్పించినవి కావు, ఆ భయాన్ని నేనూ చూశాను. కాని కాలాన్ని గమనించండి: 1989లో దేశంలో ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి తగ్గింది. శాసనసభకు ఓటు వేయగల విద్యార్థికి తన కళాశాలలో ఓటు లేని పరిస్థితి ఏర్పడింది. కేంద్ర విశ్వవిద్యాలయమైన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మాత్రం ఎన్నికలు సాగుతూ వచ్చాయి.

ఎన్నికల స్థానంలో నామినేషన్ వచ్చింది. మార్కుల ఆధారంగా ప్రిన్సిపాల్ కొందరిని ఎంపిక చేస్తారు. వాతావరణం అనుకూలించని చోట నామినేషన్‌ను లింగ్డో కమిటీ కూడా అంగీకరించింది, అయితే తాత్కాలిక ఏర్పాటుగానే. నామినేటెడ్ కౌన్సిళ్లతోనూ నేను చాలా ఏళ్లు పనిచేశాను. పత్రిక డబ్బు ఏమైందని వాటిలో ఎవరూ అడగలేదు. ఆ పిల్లలకు తెలివి తక్కువై కాదు, అడిగి రమ్మని పంపినవాళ్లు వాళ్ల వెనుక లేరు.

అయినా ప్రాతినిధ్యం పూర్తిగా మూతపడలేదు. లైంగిక వేధింపుల నివారణపై విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల ప్రకారం, విద్యార్థులకు సంబంధించిన విషయాలు విచారించేటప్పుడు అంతర్గత కమిటీలో ముగ్గురు విద్యార్థులు ఉండాలి. వారిని పారదర్శకమైన ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నుకోవాలి. సంఘం ఎన్నికలు లేని కళాశాలకూ ఇది వర్తిస్తుంది. కొన్నిచోట్ల ఈ పేర్లను కూడా కార్యాలయమే నింపేస్తుంది, అది నిబంధనకు విరుద్ధం. ఫిర్యాదుల పరిష్కారంపై 2023లో వచ్చిన యూజీసీ నిబంధనల కింద ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో ఒక విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితుడుగా ఉంటాడు, కాని అతడు నామినేటెడ్.

ఇక దూరవిద్యలో చదువుతున్న మీ సంగతి. లింగ్డో కమిటీ మిమ్మల్ని పేరు పెట్టి మరీ మినహాయించింది: అభ్యర్థి పూర్తికాల రెగ్యులర్ విద్యార్థి కావాలి, దూరవిద్య విద్యార్థి కాకూడదు. తరగతికి రోజూ రానివారు తరగతికి ఎలా ప్రాతినిధ్యం వహిస్తారన్నది దీని వెనుక ఉన్న తర్కం. అది ఒక కళాశాల సంఘానికి సరిపోతుంది. కాని ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం తరగతుల కోసం ముప్ఫై కిలోమీటర్లు బస్సులో వచ్చేవారికి కూడా హాల్‌టికెట్టు, పుస్తకాలు, ఫలితాల సమస్యలు ఉంటాయి. వాటిని సమష్టిగా వినిపించే సంఘం వారికి ఏది అన్న ప్రశ్నకు ఆ నివేదికలో జవాబు లేదు.

2023 నిబంధనలు మాత్రం విద్యార్థి అన్న మాటను విశాలంగా నిర్వచించాయి: సంస్థలో చేరినవారు, చేరగోరేవారు ఇద్దరూ దాని కిందికి వస్తారు. ఫిర్యాదు అందిన తరువాత వీలైనంతవరకు 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. ఆ నిర్ణయం సమ్మతం కాకపోతే 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కాబట్టి అధ్యయన కేంద్రంలో మాటలతో చెప్పి ఊరుకోకండి. ఒకే సమస్య పదిమందికి ఉంటే పదిమందీ కలిసి ఒకే అర్జీ రాసి సంతకాలు చేయండి. నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ 15 పనిదినాల లెక్కకు మీ దగ్గర ఉండే ఆధారం ఆ తేదీయే.