రంధ్రాన్వేషణ: ఇంటి ప్రశాంతతను హరించే దురలవాటు

వలీమా విందుకు వెళ్ళి వచ్చినవారిలో కొందరు వధూవరుల కోసం దుఆ చేస్తారు. మరికొందరు బిర్యానీలో ఉప్పు తగ్గిందనీ, దాల్చా పలచబడిందనీ, ఆహ్వాన పత్రికలో తమ పేరు క్రిందికి పోయిందనీ ఏకరువు పెడతారు. ఆ విందు కోసం ఒక కుటుంబం పడిన శ్రమ వారి కంటికి ఆనదు. కోడిగుడ్డుకు ఈకలు పీకడమని మన పెద్దలు అన్నది ఈ స్వభావాన్నే.

అల్పవిషయాల వెంటబడితే సులభమైన పని కూడా ఎంత జటిలమవుతుందో దివ్య ఖుర్ఆన్ మనకు చూపింది. రెండవ సూరాకు ‘అల్ బఖరా’ అన్న పేరు వచ్చింది ఒక ఆవు ఉదంతం మూలంగానే. ఒక ఆవును జిబహ్ చేయమన్న ఆజ్ఞను హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన జాతికి వినిపించారు. ఏ ఆవును జిబహ్ చేసినా సరిపోయేది. కాని వారు దాని వయసెంత, రంగేమిటి, అది ఎటువంటిది అని ప్రశ్నిస్తూ పోయారు. ప్రతి ప్రశ్నతోపాటు ఒక షరతు పెరిగింది. ముసలిదీ లేతదీ కాని నడి వయసుది కావాలి. చూపరులను అలరించే పసుపు వన్నెది కావాలి. దుక్కి దున్ననిది, పొలానికి నీరు తోడనిది, ఏ మచ్చా లేనిది కావాలి. ఎట్టకేలకు జిబహ్ చేశారు గాని, చేయకుండా పోయేటంత వరకూ వచ్చారు (2:67-71).

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంటి జీవితం దీనికి పూర్తిగా భిన్నమైనది. ఆయన ఏ భోజనానికీ ఎన్నడూ వంక పెట్టలేదనీ, ఇష్టమైతే తినేవారనీ, లేకుంటే వదిలేసేవారనీ హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. ఒకసారి ఇంట్లో కూరగా సిర్కా తప్ప మరేమీ లేదని చెప్పగా, దానినే తెప్పించుకుని మెచ్చుకుంటూ ఆరగించారు. బాలుడిగా వచ్చి పదేళ్ళపాటు ఆయనకు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి), ఆ కాలమంతటిలో ‘ఇలా ఎందుకు చేశావు?’ అన్న మాట తాను వినలేదని సాక్ష్యమిచ్చారు. మన ఇళ్ళలో ఆ మాట వినిపించకుండా ఒక్క పూటైనా గడుస్తోందా?

అలాగని తప్పును దిద్దనే కూడదని కాదు. ప్రవక్త (స) సంరక్షణలో పెరిగిన బాలుడు ఉమర్ బిన్ అబీ సలమా (రజి) భోజనం చేస్తూ పళ్ళెమంతటా చేయి తిప్పుతుంటే, అల్లాహ్ పేరు పలికి, కుడిచేత్తో, తన ముందున్నది తినమని ప్రవక్త (స) నేర్పారు. ఆ బాలుడు జీవితాంతం అలాగే తిన్నాడు. వంటలో వంక వెతకని ఆ నోరే పిల్లవాడికి మర్యాద నేర్పింది. ఇస్లాహ్‌కూ రంధ్రాన్వేషణకూ తేడా ఇక్కడే ఉంది. మొదటిది ఎదుటివారి మేలు కోరుతుంది. రెండవది తన ఆధిక్యాన్ని చాటుకుంటుంది.

ఈ దురలవాటు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. రొట్టె గుండ్రంగా రాలేదని రోజూ మాటపడే కోడలు క్రమంగా ఆ ఇంట్లో పరాయిదవుతుంది. తొంభై అయిదు మార్కులు తెచ్చిన బిడ్డను మిగిలిన అయిదు ఏమయ్యాయని నిలదీస్తే, మరుసటిసారి వాడు మార్కుల కాగితాన్నే దాచిపెడతాడు. పగిలిన గ్లాసును దాచడం నేర్చిన పిల్లలు రేపు పెద్ద ఆపదనూ తల్లిదండ్రులకు చెప్పరు. భార్యలో ఒక గుణం నచ్చకపోతే మరొక గుణం నచ్చుతుందని ప్రవక్త (స) భర్తలకు చేసిన బోధ ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది.

కనుక నోరు విప్పేముందు మనల్ని మనం ప్రశ్నించుకుందాం. ఇది ధర్మానికి సంబంధించినదా, కేవలం నా అభిరుచికి సంబంధించినదా? దీనివల్ల వినేవారికి మేలుందా? నలుగురిలో గాక ఏకాంతంలో చెప్పగలనా? ఈ మూడింటికీ నిలవని మాటను మింగివేయడమే మేలు. తోటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చినవాని లోపాలను అల్లాహ్ ప్రళయదినాన కప్పిపుచ్చుతాడన్నది ప్రవక్త (స) ఇచ్చిన శుభవార్త. ఆనాడు ఆ పరదా అవసరం లేనివారు మనలో ఎవరున్నారు?