తాగితే ఫైన్.. దగ్గరుంటే జైలు!

సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కారనుకోండి. బ్యాగులో సీలు తీయని క్వార్టర్ సీసా ఒకటి ఉంది. ఇక్కడి షాపులోనే కొన్నారు, దొంగ సరుకు కాదు. నాగపూర్, ప్రయాగ్‌రాజ్ దాటి రైలు బక్సర్ చేరింది. అక్కడి నుంచి బిహార్. ఇప్పుడు అదే సీసాతో పట్టుబడి, నేరం రుజువైతే చట్టం చెప్పే కనీస శిక్ష అయిదేళ్లు!

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే బిహారీ కుర్రాళ్లు చాలామంది ఊరెళ్లేది ఈ రైల్లోనే. కాబట్టి ఇది మనకు మరీ దూరపు కథేమీ కాదు.

చట్టం ఏమంటోంది?

బిహార్‌లో 2016 ఏప్రిల్ 5 నుంచి సంపూర్ణ మద్య నిషేధం ఉంది. అదే ఏడాది కొత్త చట్టం కూడా వచ్చింది. 2018, 2022ల్లో దాన్ని సవరించారు. ఇప్పుడు లెక్క ఇలా ఉంది. మొదటిసారి తాగి దొరికితే మేజిస్ట్రేట్ ముందు 2,000 నుంచి 5,000 రూపాయల ఫైన్ కట్టి ఇంటికెళ్లొచ్చు. కట్టలేకపోతే నెల రోజుల జైలు.

అదే మద్యం కడుపులో కాకుండా చేతిలో ఉంటే? అప్పుడు సెక్షన్ 30 కింద కేసు. తయారీ, రవాణా, అమ్మకం, దగ్గర పెట్టుకోవడం.. అన్నీ ఒకే సెక్షన్‌లో ఉన్నాయి. మొదటి తప్పుకే కనీసం అయిదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా. గరిష్ఠంగా యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. రెండోసారి అయితే కనీసం పదేళ్లు, అయిదు లక్షలు.

అంటే సీసా ఖాళీ చేసినవాడు సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. మూత కూడా తీయనివాడు కోర్టుల చుట్టూ తిరుగుతాడు. వినడానికి జోక్‌లా ఉంది కదా? కానీ చట్టం రాసినవాళ్ల ఆలోచన వేరు. తాగేవాడు బాధితుడు, సరుకు దాచేవాడు వ్యాపారి అన్నది వాళ్ల లెక్క. మరి సీసా దొరికిన ప్రతివాడూ వ్యాపారేనా? చిక్కంతా అక్కడే.

కోర్టులో ఏం జరుగుతుంది?

మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఇక్కడ కొంచెం తిరగేశారు. మద్యం నీ దగ్గర దొరికి, అదెలా వచ్చిందో సరిగ్గా చెప్పుకోలేకపోతే నువ్వే నేరం చేశావని కోర్టు మొదట అనుకోవచ్చు. కాదని చూపించుకోవాల్సింది నువ్వే. పైగా ఇది నాన్‌బెయిలబుల్. ముందస్తు బెయిల్‌కి కూడా చట్టం తలుపు మూసేసింది.

అయినా పోలీసుల పని అంత సులువేం కాదు. సీసా ఎక్కడ, ఎవరి ముందు పట్టుకున్నారు? సీలు వేశారా? శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లిందా? అందులో ఉన్నది మద్యమేనని రిపోర్టు వచ్చిందా? సంతకం పెట్టిన సాక్షులు కోర్టుకొచ్చి అదే మాట మీద నిలబడ్డారా? వీటిలో ఏ ముడి ఊడినా డిఫెన్స్ లాయర్ అక్కడే పట్టుకుంటాడు. 2024 జులై 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. సీసా జేబులో దొరికిందా, పక్క సీటు కింద దొరికిందా అన్న గొడవలో ఆ వీడియోనే కీలకం.

పట్టుకున్న సరుకు భద్రంగా ఉంచడం మరో తలనొప్పి. 2017లో బిహార్ పోలీస్ స్టేషన్లలో నిల్వ ఉన్న లక్షల లీటర్ల మద్యం మాయమైతే ‘ఎలుకలు తాగేశాయి’ అన్న జవాబు వచ్చింది. దేశమంతా నవ్వుకుంది.

మొదట పడింది ఎవరు?

ఈ చట్టం కింద తొలి శిక్ష 2017 జులైలో జహానాబాద్ కోర్టులో పడింది. దోషులు లిక్కర్ డాన్లు కాదు. రోజుకూలీ చేసుకునే ఇద్దరు అన్నదమ్ములు. మే నెలలో తాగి దొరికారు. అప్పటికింకా తాగినవాళ్లకు ఫైన్‌తో సరిపెట్టే సవరణ రాలేదు. చెరో అయిదేళ్ల జైలు, లక్ష జరిమానా వేశారు. రోజుకు 300 కూలీ అనుకున్నా, లక్ష అంటే తినకుండా తాగకుండా దాదాపు 333 రోజుల సంపాదన.

కేసులు కుప్పలుగా పడటంతో పట్నా హైకోర్టు బెయిల్ పిటిషన్లతో నిండిపోయింది. 2021 డిసెంబరులో అప్పటి చీఫ్ జస్టిస్ ఆఫ్ ఇండియా ఎన్.వి. రమణ మన విజయవాడలోనే మాట్లాడుతూ, ముందుచూపు లేని చట్టాలకు ఉదాహరణగా బిహార్ చట్టం పేరు చెప్పారు. మామూలు బెయిల్ పిటిషన్ తేలడానికే ఏడాది పడుతోందన్నారు. ఆ తర్వాత దాదాపు మూడు నెలలకే 2022 సవరణ వచ్చింది. తాగినవాళ్లకు ఊరట దొరికింది. దగ్గర పెట్టుకున్నవాళ్ల శిక్ష మాత్రం తగ్గలేదు.

2024లో పట్నా హైకోర్టు ఇంకా ఘాటుగా అంది. ఈ నిషేధం కొందరు అధికారులకు డబ్బు సంపాదించే దారి అయిందని, పెద్ద స్మగ్లర్ల మీద కేసులు తక్కువని, దెబ్బ తింటున్నది పేదలేనని ఒక తీర్పులో రాసింది.

మరి నిషేధం ఎత్తేయాలా?

అంత తేలిగ్గా అనలేం. బిహార్‌లో నిషేధం అడిగింది ఆడవాళ్లు. మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డట్టే, అక్కడా కూలి డబ్బులు తాగుడుకు పోతుంటే చూడలేక అడిగారు. మనకూ 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం సడలించింది. ఆ ఇల్లాళ్ల బాధ నిజం. కానీ భర్త జేబులో సీసా దొరికి అయిదేళ్లు లోపలికెళ్తే, లాయర్ ఫీజు కోసం అప్పు చేసేది కూడా ఆ ఇల్లాలే. లారీ లోడు దించినవాడికీ, జేబులో క్వార్టర్ ఉన్నవాడికీ ఒకే కనీస శిక్ష ఉంటే, జడ్జికి తేడా చూపించే వీలు ఎక్కడుంది? సవరణ కావాల్సింది ఈ ఒక్క చోట.

మనకేంటి సంబంధం?

నిషేధం లేని చోటా సీసా సరిహద్దు దాటితే కేసు కావొచ్చు. 2020 సెప్టెంబరులో ఏపీ హైకోర్టు, అప్పటి నిబంధనల ప్రకారం పక్క రాష్ట్రం నుంచి మూడు సీసాల వరకు తెచ్చుకోవచ్చని చెప్పింది. కొన్ని వారాలకే ప్రభుత్వం నిబంధన మార్చేసి ఆ వెసులుబాటు తీసేసింది. అందుకే గోవా ట్రిప్ నుంచి ‘ఫ్రెండ్‌కి గిఫ్ట్’ అంటూ తెచ్చేముందు, దారిలో తగిలే ప్రతి రాష్ట్రం రూల్ ఆ రోజుకి ఏంటో చూసుకోండి. బిల్లు ఉంటే చాలనుకోవద్దు. కొన్న చోట మీరు పన్ను కట్టారని మాత్రమే అది చెబుతుంది, పక్క రాష్ట్రంలో దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు ఇవ్వదు. ‘ఆ బ్యాగు నాది కాదు, ఎవరో ఇమ్మన్నారు’ అనే మాట కూడా పెద్దగా పనికిరాదు. ఇచ్చినవాడు ఆ పాటికి ఫోన్ స్విచాఫ్ చేసేసి ఉంటాడు.